అదిరే మోటారు నుంచి ఎంత కరెంటు తీయగలం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యంత్రాల అదురు నుంచి కరెంటు తీసే చిన్న పరికరాల గురించి రెండు నెలల కిందట ఈ శీర్షికలో క్లుప్తంగా రాశాను. ఆ తర్వాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు పెద్దది, ఎందుకంటే మిగిలిన జవాబులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మోటార్ల బేరింగులు ముందుగా ఏ సూచనా లేకుండా పోతున్నాయని, వేడినీ అదురునూ కొలిచి ఫోనుకు పంపే వైర్‌లెస్ సెన్సర్లు బిగించాము. ఇప్పుడు వాటి బ్యాటరీలు మార్చడమే పెద్ద పని అయింది. మోటారు అదురు నుంచే సెన్సరుకు కావలసిన కరెంటు తీయవచ్చా? గరిష్ఠంగా ఎంత వస్తుంది? – ఒక సూపర్‌వైజరు, చీమకుర్తి

తీయవచ్చు. ఎంత వస్తుందన్నది మాత్రం పరికరం కొనే ముందే కాగితం మీద లెక్క వేసుకోవలసిన విషయం.

ఇటువంటి పరికరం పెట్టె లోపల ఒక చిన్న ఇనుప దిమ్మ, దాన్ని మోసే స్ప్రింగు పట్టీ ఉంటాయి. మోటారుతోపాటు పెట్టె కదులుతుంది, దిమ్మ మాత్రం తన జడత్వం వల్ల వెనకబడుతుంది. ఆ రెండింటి మధ్య ఏర్పడే చలనం నుంచే కరెంటు పుడుతుంది. పట్టీ సహజ పౌనఃపున్యమూ మోటారు అదిరే పౌనఃపున్యమూ ఒకటైతే అనునాదం ఏర్పడి దిమ్మ ఊపు పదుల రెట్లు పెరుగుతుంది. ఆ ఊపును తగ్గించేవి రెండు: గాలి, బిగింపు దగ్గర రాపిడి, లోహంలోని అంతర్గత ఘర్షణ కలిసిన యాంత్రిక అవరోధం ఒకటి, మనం కరెంటు లాగడం వల్ల కలిగే విద్యుత్ అవరోధం రెండోది. తక్కువ లాగితే దిమ్మ బాగా ఊగుతుంది గాని మన చేతికి వచ్చేది తక్కువ. ఎక్కువ లాగితే ఊపే చచ్చిపోతుంది. ఈ రెండు అవరోధాలూ సమానమైనప్పుడు అత్యధిక శక్తి వస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియమ్స్, యేట్స్ 1996లో ప్రచురించిన విశ్లేషణ ఈ రంగంలో అందరూ వాడే లెక్కకు పునాది. దాని ప్రకారం దిమ్మ ద్రవ్యరాశిని త్వరణం వర్గంతో గుణించి, వచ్చినదాన్ని 16, యాంత్రిక అవరోధ నిష్పత్తి (మీటి వదిలిన ఊపు ఎంత త్వరగా చచ్చిపోతుందో చెప్పే సంఖ్య), కోణీయ పౌనఃపున్యం (హెర్ట్జ్ సంఖ్యను 6.28తో గుణిస్తే వచ్చేది) అనే మూడింటి లబ్ధంతో భాగిస్తే గరిష్ఠ శక్తి తెలుస్తుంది.

మీ మోటార్లు నాలుగు పోళ్ళవి, పూర్తి లోడు మీద నిమిషానికి 1440 చుట్లు తిరిగేవి అనుకుందాం. అంటే సెకనుకు 24 చుట్లు, 24 హెర్ట్జ్. బేరింగు దగ్గర త్వరణం సెకను వర్గానికి 0.4 మీటర్లు, దిమ్మ 50 గ్రాములు, అవరోధ నిష్పత్తి 0.01 అయితే పై సూత్రం 0.33 మిల్లీవాట్ ఇస్తుంది. ఇది పైకప్పు లాంటిది, దాన్ని ఏ కంపెనీ పరికరమూ దాటలేదు. ఇందులో సగం, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు, వోల్టేజీని సరిచేసే కన్వర్టరు తినేసినా 0.16 మిల్లీవాట్ మిగులుతుంది. పది నిమిషాలకు అది దాదాపు 100 మిల్లీజౌళ్లు. మీ సెన్సరు మేలుకొని, 3 వోల్టుల దగ్గర 10 మిల్లీయాంపులు ఒక సెకను పాటు లాగి కొలిచి పంపితే ఖర్చయ్యేది 30 మిల్లీజౌళ్లే. పది నిమిషాలకు ఒకసారి కొలిస్తే సరిపోతుంది కాబట్టి మీ అవసరం తీరుతుంది.

త్వరణం 0.4 అన్న అంకెను ఊరికే ఎంచుకోలేదు. 15 కిలోవాట్ల లోపు మోటార్లకు, ఇప్పుడు ఐఎస్‌ఓ 20816గా మారిన ఐఎస్‌ఓ 10816 అంతర్జాతీయ ప్రమాణంలో అదురు వేగం సెకనుకు 1.8 మి.మీ. వరకు ఎక్కువ కాలం నడపడానికి అనుకూలమనీ, 4.5 మి.మీ. దాటితే మోటారుకు హాని కలుగుతుందనీ ఉంది. 24 హెర్ట్జ్ దగ్గర 1.8 మి.మీ. వేగానికి త్వరణం దాదాపు 0.4 అవుతుంది. త్వరణం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు పెరుగుతుందన్నది నిజమే గాని, అంత అదిరే మోటారుకు కావలసింది అలైన్‌మెంటు సరిచేయడం, కరెంటు తీసే పెట్టె కాదు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మోటారు ఇచ్చే కొద్దిపాటి అదురుతోనే పని జరిగేలా లెక్క వేసుకోవాలి. లేకపోతే మీరు మోటారు బాగుచేసిన రోజే సెన్సరు ఆగిపోతుంది.

అసలు ఇబ్బంది మోటారు వేగం మారడంలో ఉంది. కొన్నాళ్ల కిందట చీమకుర్తి దగ్గరి ఒక యూనిట్‌లో పాలిషింగ్ హెడ్డు మోటారు బేరింగు మీద నేను ఒక నమూనా బిగించి, 24 హెర్ట్జ్‌కు సరిచేశాను. పలక మీద హెడ్డు పనిచేస్తున్నంతసేపూ మీటరు 6 వోల్టుల పైనే చూపించింది. పలక అయిపోయి హెడ్డు పైకి లేచి మోటారు ఖాళీగా తిరగడం మొదలుపెట్టగానే మూడున్నరకు పడిపోయింది, మళ్ళీ నల్లటి గెలాక్సీ గ్రానైట్ పలక కిందికి రాగానే ఆరుకు లేచింది. లోడు తగ్గితే ఇండక్షన్ మోటారు 1440 నుంచి 1480 దాకా వేగం పెంచుకుంటుంది, అంటే 24 హెర్ట్జ్ కాస్తా 24.7 అవుతుంది. విద్యుత్ అవరోధంతో కలిపి మొత్తం అవరోధ నిష్పత్తి 0.02 ఉన్న పరికరానికి ఆ 0.7 హెర్ట్జ్ తేడాతోనే శక్తి మూడో వంతుకు పడిపోతుంది. పట్టీని ఏదో ఒక చివరకు కాక సరిగ్గా మధ్యన, 24.35 దగ్గర సరిచేస్తే రెండు చివరలా మూడింట రెండు వంతుల శక్తి నిలుస్తుంది. శిఖరం కొంచెం వదులుకొని రెండు పక్కలా నిలకడ సంపాదించడం ఇటువంటి చోట సరైన బేరమని నా అనుభవం.

పట్టీని సరిచేయడం ఎంత సున్నితమైన పనో చూడండి. మామూలు హ్యాక్‌సా బ్లేడు పళ్ళు అరగదీసి, దాని కొసకు 50 గ్రాముల దిమ్మ తగిలిస్తే, బిగింపు నుంచి దిమ్మ దాకా 5.1 సెంటీమీటర్ల దగ్గర 24 హెర్ట్జ్ వస్తుంది. పట్టీ ఒక్క మిల్లీమీటరు జారితే 0.7 హెర్ట్జ్ మారిపోతుంది, అంటే మీ మోటారు వేగంలో వచ్చే తేడా అంతా ఆ మిల్లీమీటరులోనే ఉంది. అందుకని పొడవుతో దగ్గరికి తెచ్చి, చివరి సవరణ దిమ్మకు సన్నని వాషర్లు చేర్చి చేయండి. బరువు 4 శాతం మారితే పౌనఃపున్యం 2 శాతమే మారుతుంది కాబట్టి చేతికి అదుపు దొరుకుతుంది. అవరోధ నిష్పత్తిని కొలవడానికి పట్టీని గోటితో మీటి, ఫోనులో స్లోమోషన్ వీడియో తీసి, ఊపు సగానికి తగ్గేలోపు ఎన్ని ఊపులు పడ్డాయో లెక్కపెట్టి, 0.11ను ఆ సంఖ్యతో భాగించండి. పదకొండు ఊపులు వస్తే నిష్పత్తి 0.01. నాలుగైదుకే సగమైపోతే బిగింపు వదులుగా ఉందని అనుమానించండి. రెండు ఇనుప బిళ్ళల మధ్య రెండు బోల్టులతో బిగించిన పట్టీకీ, జిగురుతో అంటించినదానికీ ఇక్కడే తేడా తెలిసిపోతుంది.

వేగం మరీ మారుతుంటే ఇంకో దారి ఉంది. ఇండక్షన్ మోటారు చట్రంలో అయస్కాంత బలాల వల్ల సరఫరా పౌనఃపున్యానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర ఒక అదురు ఉంటుంది. మన దేశంలో గ్రిడ్డు పౌనఃపున్యాన్ని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలన్న నిబంధన ఉన్నందున ఈ అదురు లోడుతో నిమిత్తం లేకుండా దాదాపు కదలకుండా ఉంటుంది. అదే త్వరణానికి 100 హెర్ట్జ్ దగ్గర వచ్చే శక్తి 24 హెర్ట్జ్ దగ్గర వచ్చేదానిలో నాలుగో వంతే, కాని అది రోజంతా వస్తుంది. మీ మోటార్లకు వేగం మార్చే డ్రైవులు ఉంటే మాత్రం ఈ రెండు దారులూ వదిలేసి బ్యాటరీలతోనే ఉండండి.

ముందు కొలవండి. ఫైఫాక్స్ అనే ఉచిత ఆప్ ఉన్న ఫోనును బేరింగు హౌసింగు మీద గట్టిగా అదిమి పట్టుకొని త్వరణం, పౌనఃపున్యం రెండూ చూడవచ్చు. 24 హెర్ట్జ్‌కు ఇది చాలు, 100 హెర్ట్జ్‌కు చాలా ఫోన్ల వేగం చాలదు. ఫ్యాను మీది రేకు మూత ఎక్కువ అదురుతోంది కదా అని పెట్టెను దాని మీద బిగించకండి, ఆ రేకు తన ఇష్టం వచ్చినట్టు అదురుతుంది. మీ దగ్గర నీళ్ళూ రాతిపొడి బురదా ఎగజిమ్ముతూ ఉంటాయి కాబట్టి పెట్టె మూతకు రబ్బరు సీలు తప్పనిసరి.

ప్రశ్న: డిప్లొమా ప్రాజెక్టులో పీజో పట్టీ వాడుతున్నాను. 50 హెర్ట్జ్ దగ్గర ఊపితే, ఏదీ కలపనప్పుడు ఆసిలోస్కోపులో శిఖరం 18 వోల్టులు కనిపిస్తోంది. బ్రిడ్జి రెక్టిఫయరు ద్వారా ఎల్‌ఈడీ కలిపితే మిణుకుమంటోంది తప్ప వెలగడం లేదు. 18 వోల్టులు ఏమవుతున్నాయి? పట్టీ కెపాసిటెన్సు 40 నానోఫారడ్లు. – ఒక విద్యార్థిని, కావలి

మీరు కెపాసిటెన్సు కొలిచి రాయడం వల్ల మీకు పూర్తి జవాబు ఇవ్వగలుగుతున్నాను. కెపాసిటెన్సు చెప్పకుండా ఏ నిరోధకం పెట్టాలని అడిగే ఉత్తరాలే ఎక్కువ.

పీజో పట్టీ అంటే లోపల ఒక కెపాసిటరు ఉన్న ఉత్పాదకం. ఒత్తిడికి స్ఫటికంలో విద్యుదావేశం పుడుతుందని జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు 1880లో చూపించినది ఈ ధర్మాన్నే. ఏదీ కలపనప్పుడు కనిపించే వోల్టేజీ ఆ కెపాసిటరు మీదిది, దాని వెనక కరెంటు చాలా తక్కువ. గరిష్ఠ శక్తి కోసం కలిపే నిరోధం కోణీయ పౌనఃపున్యం, కెపాసిటెన్సుల లబ్ధానికి విలోమంగా ఉండాలి. మీ అంకెలకు అది దాదాపు 80 కిలోఓములు, బజారులో దొరికే 82 కిలోఓములది సరిపోతుంది. దాని మీద మీకు సుమారు 1 మిల్లీవాట్ వస్తుంది, అప్పుడు శిఖరం 12.7 వోల్టులకు దిగుతుంది.

ఇప్పుడు బ్రిడ్జి సంగతి. బ్రిడ్జి తర్వాత కెపాసిటరు పెట్టినప్పుడు డీసీ వోల్టేజీ, శిఖర వోల్టేజీలో సగం దగ్గర ఉంటే అత్యధిక శక్తి వస్తుంది. మీకు అది 9 వోల్టులు, శక్తి 0.65 మిల్లీవాట్. ఎల్‌ఈడీ నేరుగా కలిపినప్పుడు అది వోల్టేజీని రెండు వోల్టుల దగ్గర పట్టేస్తుంది, అందువల్ల వచ్చేది 0.26 మిల్లీవాట్ మాత్రమే. 20 మిల్లీయాంపులకు తయారైన ఎల్‌ఈడీ దానితో మిణుకుమనక ఏం చేస్తుంది? 18 వోల్టులు ఎక్కడికీ పోలేదు, మీ లోడు వాటిని పైకి రానివ్వడం లేదు. దీనికి మందు, పట్టీ వైపు వోల్టేజీని ఎక్కువగా ఉంచి, అవతలి వైపు 3.3 వోల్టులకు దించి ఇచ్చే కన్వర్టరు. ఎల్‌టీసీ 3588 వంటి చిప్పులు ఈ పనికే వచ్చాయి. అది ఇన్‌పుట్‌ను 5 వోల్టుల దగ్గర ఉంచుతుంది కాబట్టి 9 వోల్టుల ఉత్తమ స్థానం కాదనిపించవచ్చు, కాని 5 వోల్టుల దగ్గర కూడా మీకు 0.52 మిల్లీవాట్ వస్తుంది. ఆ శిఖరం చుట్టూ వక్రరేఖ అంత చదునుగా ఉంటుందని మీ నివేదికలో గ్రాఫు గీసి చూపించండి, పరీక్షకులకు అది నచ్చుతుంది.

రెండు జాగ్రత్తలు చెబుతాను. లోడు కలిపిన తర్వాత పట్టీ గట్టిదనం కొంచెం మారి సహజ పౌనఃపున్యం జరుగుతుంది, కాబట్టి ఏదీ కలపకుండా చేసిన సవరణను నమ్మక, లోడు కలిపే మళ్ళీ సరిచేయండి. రెండోది, వంగే పట్టీలో సాగుదల అంతా బిగింపు మొదట్లోనే ఉంటుంది, కొసన దాదాపు ఉండదు. పీజోను మొదటికి ఆనించి అంటించి, దిమ్మను కొసకు పెట్టండి. మీకు ఇంకా సమయం ఉంటే, ఊపు చివరకు చేరిన ప్రతిసారీ ఒక చుట్ట ద్వారా పట్టీ మీది వోల్టేజీని తిరగేసే స్విచ్చింగు పద్ధతిని ప్రయత్నించవచ్చు. పీజో బంధం బలహీనంగా ఉన్న పట్టీలకు అది శక్తిని కొన్ని రెట్లు పెంచుతుంది, బలంగా ఉన్న పట్టీలకు లాభం అంతగా ఉండదు.

ప్రశ్న: ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్ళు లారీలు పోతుంటాయి. రోడ్డు కింద పీజో పలకలు పరిచి వీధి దీపాలు వెలిగించలేమా? – ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, ఒంగోలు

మాస్టారూ, లెక్క మీరే వేసి చూడండి. 10 టన్నుల బరువు మోసే ఇరుసు పలకను ఒక మిల్లీమీటరు కిందికి నొక్కితే, సాగే పదార్థంలో నిల్వ అయ్యేది దాదాపు 49 జౌళ్లు. అందులో ఒక్క చుక్క వృథా కాకపోయినా 100 వాట్ల వీధి దీపం అర సెకను వెలుగుతుంది. పైగా రోడ్డు అంత మెత్తగా కుంగితే లారీ ప్రతి అడుగూ గుంటలోంచి ఎక్కుతున్నట్టే, ఆ శక్తి డీజిలు నుంచే రావాలి. తూర్పు జపాన్ రైల్వే సంస్థ 2006, 2008లలో టోక్యో స్టేషన్‌లో జనం నడిచే చోట ఇటువంటి పలకలు పెట్టి పరీక్షించింది. అక్కడ కూడా 60 కిలోల మనిషి 5 మిల్లీమీటర్లు నొక్కితే అడుగుకు 3 జౌళ్లకు మించి రాదు. వీధి దీపం నెత్తిన ఒక సోలారు పలక పెడితే ఈ శ్రమ అక్కరలేదు.

ప్రశ్న: రొయ్యల గుంటలో ఏరేటర్ల అదురుతో ఆక్సిజన్ కొలిచే సెన్సరును నడపవచ్చా? – ఒక రైతు, కొత్తపట్నం

వద్దు. ఏరేటరు దాకా కరెంటు కేబులు ఎలాగూ వెళ్తోంది, పైన ఎండ ఉంది. 5 వాట్ల చిన్న సోలారు పలక ఎండ ఉన్న ఒక్క గంటలో ఇచ్చేదాన్ని అదురు నుంచి తీసే పెట్టె ఏడాది మొత్తం కష్టపడినా ఇవ్వలేదు. ఉప్పు గాలికి స్ప్రింగు పట్టీ తుప్పు పట్టడం వేరే బాధ.

ప్రశ్న: మా వడ్ల మిల్లులో ఊగే జల్లెడ మీద ఒక సెన్సరు పెట్టాము. వైరు జల్లెడతో పాటు ఊగి ఊగి పదిహేను రోజులకోసారి తెగిపోతోంది. జల్లెడ నిమిషానికి 420 సార్లు, ఆ కొస నుంచి ఈ కొసకు ఒక సెంటీమీటరు ఊగుతుంది. దీని నుంచి కరెంటు తీయాలంటే పీజో మంచిదా, చుట్టా అయస్కాంతమా? – ఒక మెకానిక్, నెల్లూరు

వచ్చిన ఉత్తరాలన్నిటిలో మీదే నాకు ఎక్కువ ఆశ కలిగించింది. వైరు నిలవని చోట, ఎండ పడని చోట, ఎప్పుడూ ఒకే వేగంతో ఊగే వస్తువు మీ దగ్గర ఉంది. జల్లెడ లోడుతో పెద్దగా వేగం మార్చుకోదు కాబట్టి చీమకుర్తి మిత్రుడికి వచ్చిన కష్టం మీకు లేదు.

మీ పౌనఃపున్యం 7 హెర్ట్జ్, త్వరణం దాదాపు గురుత్వ త్వరణమంత. ఇంత నెమ్మదిగా, ఇంత పెద్దగా ఊగేదానికి చుట్టా అయస్కాంతమే సరైనది. ఈ పౌనఃపున్యానికి పట్టీ మెత్తగా ఉండాలి, మెత్తని పట్టీ బాగా వంగాలి, అంత వంపుకు పీజో పింగాణీ పగిలిపోతుంది.

మొదటి జవాబులోని సూత్రాన్ని మీరు యథాతథంగా వాడితే పొరపాటు పడతారు. 50 గ్రాముల దిమ్మకు, 0.02 అవరోధ నిష్పత్తికి అది 330 మిల్లీవాట్లు ఇస్తుంది గాని, అందుకు దిమ్మ ఒక్కో వైపు 6 సెంటీమీటర్లు ఊగాలి. మీ పెట్టెలో ఒక సెంటీమీటరే చోటుందనుకుందాం. అప్పుడు రెండు అవరోధాలూ సమానంగా ఉండాలన్న నియమం పనిచేయదు. దిమ్మ గోడలకు కొట్టుకోకుండా ఉండాలంటే కరెంటు ఎక్కువ లాగి దాన్ని పట్టి ఉంచాలి, అంటే విద్యుత్ అవరోధం యాంత్రిక అవరోధానికి పది రెట్లకు పైగా కావాలి. ఆ లెక్కన వచ్చేది దాదాపు 98 మిల్లీవాట్లు. అందులో సగం చుట్ట తీగలోనే వేడిగా పోయినా మీకు 50 దాకా మిగులుతుంది, ఒక సెన్సరుకు అది ధారాళం. అవరోధం ఇంత ఎక్కువగా ఉండటం వల్ల పట్టీ పొడవులో మిల్లీమీటరు తేడా వచ్చినా శక్తి పెద్దగా మారదు.

చుట్టకు లోడు నిరోధం ఎంత ఉండాలని చాలామంది అడుగుతారు. చుట్ట నిరోధానికి సమానం అన్న పాత మాట ఇక్కడ సరిపోదు. మీరు చేయవలసింది నిరోధకాన్ని ఎక్కువ విలువతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావడం. దిమ్మ గోడకు తగలడం ఎక్కడ ఆగుతుందో అదే మీ స్థానం. తగిలితే టకటకమని శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది, మీటరు అక్కరలేదు. వోల్టేజీ తక్కువగా ఉంటుంది కాబట్టి 0.7 వోల్టులు తినే మామూలు సిలికాన్ డయోడ్లకు బదులు 0.3 వోల్టులతో సరిపెట్టుకునే షాట్కీ డయోడ్లు వాడండి.

జల్లెడ అడ్డంగా ఊగుతుంది గనక పట్టీని నిలువుగా బిగించి దిమ్మ కూడా అడ్డంగానే ఊగేటట్టు చూసుకోండి. పెట్టెను జల్లెడ వలకు కాక పక్క చట్రానికి, స్ప్రింగు వాషరు వేసి రెండు బోల్టులతో పట్టించండి. నియోడిమియం అయస్కాంతం మిల్లులోని ఇనుప రజనును లాక్కుంటుంది, చుట్టకూ దానికీ మధ్య ఆ రజను చేరితే దిమ్మ పట్టేస్తుంది. మూత గట్టిగా మూసి, మొదటి వారం తర్వాత ఒకసారి విప్పి చూసి, బోల్టులు మళ్ళీ బిగించండి.